వెనక వచ్చేవాడి కోసం

హెడ్‌లైట్లు మసకబారితే ఆ రాత్రే తెలిసిపోతుంది. రోడ్డు కనపడదు, విసుగొస్తుంది, మర్నాడు కారు షెడ్డుకి వెళుతుంది. వెనక లైట్ల సంగతి అలా కాదు. బ్రేకు మీద కాలు వేసినప్పుడు వెనక ఏం వెలిగిందో, ఏం వెలగలేదో స్టీరింగు ముందు కూర్చున్న మనిషికి కనపడదు. దాన్ని చూసేది, చూసి తన కాలు బ్రేకు మీదకి తెచ్చేది వెనక వస్తున్న ఇంకొకరు. ఆ మనిషి ఎవరో మనకి తెలియదు. బైకు మీద పాలక్యానుతో వస్తున్న రైతు కావచ్చు, రాత్రంతా నిద్రలేని బస్సు డ్రైవరు కావచ్చు. అందుకే కారుకి వెనక లైట్లు మార్పించడాన్ని నేను ఉత్త సోకుగా చూడలేను. డబ్బిచ్చేది ఒకరు, పని ఉపయోగపడేది ఇంకొకరికి. ఈ తేడా ఎరిగి పనిచేసే ఎలక్ట్రీషియన్లు తక్కువ. ఎరిగినవాళ్ల చేతిపని దగ్గరగా చూస్తే ఎంతో తృప్తిగా ఉంటుంది.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లు దాటి లోపలికి వెళితే అలాంటి మేస్త్రి ఒకాయన ఉన్నారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి మేస్త్రి గారనే అంటాను. లారీల మీద, అంబాసిడర్ల మీద పని నేర్చుకున్న తరం ఆయనది. అంబాసిడర్‌కి మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. ఇంగ్లిషు బళ్ల వైరింగులో లూకాస్ కంపెనీ వాడుక చేసిన రంగుల లెక్క ఒకటి ఉండేది. నలుపు ఎర్త్, ఎరుపు పార్కింగు, ఆకుపచ్చ మీద ఊదా గీత బ్రేకు, ఆకుపచ్చ మీద ఎర్ర గీత ఎడమ ఇండికేటరు, తెల్ల గీత కుడి ఇండికేటరు. మేస్త్రి గారు ఇప్పటికీ ఆ లెక్క అప్పజెప్పగలరు. అయినా ఏ బండి దగ్గరా రంగును నమ్మరు. జర్మన్ కార్లలో ఎర్త్ గోధుమరంగులో ఉంటుంది. పైగా మన చేతికి వచ్చే సరికి పాత బండిలో ఎన్ని చేతులు పడ్డాయో, ఎవరి దగ్గర ఏ రంగు వైరుంటే అది కలిపేశారో ఎవరికి తెలుసు?

నేను దగ్గరుండి చూసిన పని ఒక పాత హ్యాచ్‌బ్యాక్‌ది. కారు ఒక కుర్రాడిది. మార్కెట్లో దొరికే ఎల్‌ఈడీ టెయిల్ ల్యాంపుల జత కొని తెచ్చుకున్నాడు. ఇండికేటరు వేస్తే లోపలి నుంచి బయటికి వెలుగు పరుగెత్తే రకం. ఇది ఈమధ్య వచ్చిన మోజు అనిపిస్తుంది గానీ, అమెరికాలో ఫోర్డ్ థండర్‌బర్డ్‌కి 1965లోనే పక్కకి మూడేసి బల్బులు వరసగా వెలిగే ఏర్పాటు ఉంది. చిప్పులు లేని రోజులు కాబట్టి డిక్కీలో చిన్న మోటారు ఒకటి తిరుగుతూ ఒకదాని తర్వాత ఒక బల్బుకి కరెంటు అందించేది.

మేస్త్రి గారు వైరు ముట్టుకోకముందే ల్యాంపును రెండు చేతులతో ఎత్తి ఎండకి పట్టుకుని అద్దం మీద అచ్చుపోసిన గుర్తులు చదివారు. అసలైన ల్యాంపు మీద వలయంలో 'ఈ' అక్షరం, దాని పక్కన ఆమోదమిచ్చిన దేశం అంకె ఉంటాయి. కింద ఇంకొన్ని అక్షరాలు. ఎస్ ఉంటే బ్రేకు, ఆర్ ఉంటే పార్కింగు, 2ఏ అంటే వెనక ఇండికేటరు, ఏఆర్ అంటే రివర్సు, ఐఏ అంటే రిఫ్లెక్టరు. ఈ చివరిదాని కోసమే ఆయన ఎక్కువ వెతుకుతారు. కరెంటు లేకపోయినా, బ్యాటరీ చచ్చి కారు చీకట్లో రోడ్డు పక్కన ఆగిపోయినా, వెనక బండి హెడ్‌లైటు పడితే ఎర్రగా మెరిసేది ఆ రిఫ్లెక్టరు ఒక్కటే. చవక ల్యాంపుల్లో అందం కోసం దాన్ని తీసేసి, దాని చోట ఉత్త ఎర్ర ప్లాస్టిక్ పెడతారు. ఈ కుర్రాడి ల్యాంపుల్లో రిఫ్లెక్టరు ఉంది. లేకపోతే బంపరుకి విడిగా రెండు బిగించనిదే పని మొదలుపెట్టేవారు కాదు. నల్ల పొగరంగు పూసిన ల్యాంపులైతే అసలు దించుకోరు. ఆ ఒక్క విషయంలో ఆయన ఎవరి మాటా వినరు. నాకూ ఆ రంగంటే గిట్టదు. ఎండలో బ్రేకు లైటు కనపడకుండా చేసుకోవడానికి డబ్బు పోయడం అన్యాయం. ఆ అన్యాయం జరిగేది వెనకవాడికి.

"పాత బల్బు తీసేసి ఎల్‌ఈడీ బల్బు పెట్టుకుంటే సరిపోయేది కదా మేస్త్రి గారూ, ఇదంతా ఎందుకు?" అని అడిగాను.

"బల్బు మారుతుందండీ, దాని వెనక గిన్నె మారదుగా" అన్నారు.

పాత ల్యాంపు విప్పి చేతికిస్తే అర్థమైంది. వెనకున్న అద్దపు గిన్నె వంపు ఫిలమెంటు ఉండే చోటుకి కొలిచి పెట్టింది. సన్నటి తీగ ఒక్క బిందువు దగ్గర వెలిగితే గిన్నె ఆ వెలుగును పట్టి వెనక్కి సాగదీస్తుంది. ఆ చోట పక్కలకి చిప్పులు అతికించిన ఎల్‌ఈడీ బల్బు పెడితే దగ్గర్నుంచి కళ్లు జిగేలుమంటాయి గానీ వెలుగు వెళ్లవలసిన చోటుకి వెళ్లదు. అందుకని మార్చదలుచుకుంటే ఎల్‌ఈడీ కోసమే చేసిన పూర్తి ల్యాంపు మార్చాలన్నది ఆయన పట్టుదల.

పాత బల్బు గురించి ఒక మాట చెప్పకుండా ముందుకి వెళ్లలేను. అర్ధరూపాయి బిళ్ల కంటే చిన్న అడుగు, దాని మీద వేలెడు గాజు, లోపల రెండు తీగలు. ఒకటి 21 వాట్లు, బ్రేకుకి. ఇంకోటి 5 వాట్లు, పార్కింగుకి. పెద్ద తీగ 440 ల్యూమెన్ల వెలుగిస్తుంది, చిన్నది 35. వెనకవాడి కంటికి 'బండి ఉంది' అనే కబురు, 'బండి ఆగుతోంది' అనే కబురు కలిసిపోకుండా ఉండేంత తేడా అది. బల్బు తిరగేసి పెడితే ఈ రెండూ తారుమారవుతాయి కదా! అందుకని పక్కనున్న రెండు పిన్నుల్లో ఒకటి ఎత్తులో, ఒకటి పల్లంలో పెట్టారు. తప్పుగా పెడదామన్నా దూరదు. నారింజరంగు ఇండికేటరు బల్బుకి పిన్నులు ఎదురెదురుగా కాకుండా ఒకటి కాస్త పక్కకి జరిగి ఉంటుంది, తెల్ల బల్బు దాని హోల్డరులోకి పోకుండా. ఎవరో కాగితం మీద కూర్చుని, హడావిడిలో ఉన్న మెకానిక్కు చెయ్యి చీకట్లో ఏం చేస్తుందో ఊహించి పెట్టిన పిన్నులవి.

ల్యాంపు విప్పేముందు మేస్త్రి గారు చేసిన పరీక్ష ఒకటుంది. అది నాకు అన్నిటికంటే నచ్చింది. పాత బల్బులు అలాగే ఉంచి పార్కింగు, ఇండికేటరు వేయించారు. ఐటీఐ చదివి ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు సీట్లో కూర్చుని బ్రేకు తొక్కిపట్టాడు. మీటరు ఒక పుల్లకి పొడుగు వైరు కట్టి బ్యాటరీ నెగటివ్‌కి తగిలించారు. రెండో పుల్ల ల్యాంపు కప్లరులో ఎర్త్ పిన్ను మీద ఆనించారు. ఎర్త్ సవ్యంగా ఉంటే ఈ రెండు చోట్లా ఒకే మట్టం ఉండాలి, మీటరు దాదాపు సున్నా చూపాలి. 0.1, మహా అయితే 0.2 వోల్టు వరకు ఆయన ఒప్పుకుంటారు. ఎడమవైపు అంతే వచ్చింది. కుడివైపు మీటరు 2 దాకా వెళ్లింది.

పాత బల్బులతోనే ఈ పరీక్ష ఎందుకంటే, లాగేది అవే కాబట్టి. బ్రేకు తీగ సుమారు ఒకటిముప్పావు ఆంపియరు, ఇండికేటరు అంతే, పార్కింగు అర కంటే తక్కువ. మొత్తం నాలుగు ఆంపియర్లకి దగ్గర. దారిలో అర ఓము తుప్పు ఉన్నా రెండు వోల్టులు అక్కడే ఆవిరైపోతాయి. బల్బుకి 12 బదులు 10 అందుతుంది. ఫిలమెంటు దగ్గర లెక్క సూటిగా సాగదు, ఆ రెండు వోల్టులకే వెలుగు దాదాపు సగానికి పడిపోతుంది. ఎల్‌ఈడీ పెట్టాక ఈ లోపం దాక్కుంటుంది. ఎల్‌ఈడీ తాగే కరెంటు కొంచెమే కాబట్టి తుప్పుపట్టిన ఎర్త్‌తో కూడా చక్కగా వెలుగుతుంది. చూసినవాళ్లు పని బాగుందనుకుంటారు. రోగం లోపలే ఉంటుంది.

"పెట్రోలు ముల్లు ఎప్పుడైనా ఊగుతుందా బాబూ, ఇండికేటరు వేసినప్పుడు?" అని కారు కుర్రాడిని అడిగారు మేస్త్రి గారు.

"ఊగుతుందండీ! ట్యాంకులో ఏదో తేడా ఉందనుకున్నాను."

ట్యాంకులో తేడా ఏం లేదు. కుడివైపు ల్యాంపు, పెట్రోలు కొలిచే తేలుడు మీట, నంబరు ప్లేటు లైటు అన్నీ ఆ కారులో ఒకే ఎర్త్ బోల్టుకి కట్టి ఉన్నాయి. ఆ బోల్టు దగ్గర దారి ఇరుకైతే, వెనక్కి పోవలసిన కరెంటు నిండిన బోదె గట్టు పొర్లి పక్క మడిలోకి పోయినట్టు, పక్కనున్న ఏ తీగ దొరికితే దాని గుండా పోతుంది. బ్రేకు తొక్కితే ఇండికేటరు మసగ్గా వెలగడం, ఇండికేటరు వేస్తే పార్కింగు లైటు మినుకుమనడం అన్నీ ఈ ఒక్క జబ్బు లక్షణాలే. చాలామంది బల్బులు మార్చి, హోల్డర్లు మార్చి, చివరికి స్విచ్చి కూడా మార్చి డబ్బు పోగొట్టుకుంటారు. బోల్టు ఒక్కటి విప్పి చూడరు.

ఆయన విప్పారు. డిక్కీ పక్క అట్ట ఊడదీస్తే లోపలి రేకు మీద ఆ బోల్టు కనపడింది. దాని చుట్టూ తెల్లగా, పచ్చగా బూజులాగా పేరుకుంది. బోల్టు తీసి వాషరుకింద రంగు మీద వైరు బ్రష్షు, దాని మీద గరుకు కాగితం పట్టారు. రూపాయి బిళ్లంత మేర రేకు తళతళలాడేదాకా వదల్లేదు. వైరు చివరి ఉంగరం కూడా పచ్చబడింది. దాన్ని శుభ్రం చేసే ప్రయత్నం చెయ్యకుండా కత్తిరించి పారేశారు. వైరు రెండంగుళాలు ఒలిచి చూస్తే లోపల రాగి కూడా నల్లగానే ఉంది. నల్లబడ్డ రాగికి ఏ పిన్నూ పట్టదు. ఇంకా పైకి కోసుకుంటూ పోయి, ఎర్రటి రాగి బయటపడ్డాక ఆగారు. అక్కడ కొత్త వైరు ముక్క కలిపి, కొత్త ఉంగరం పంచ్ కొట్టి, పళ్లున్న స్టార్ వాషరు వేసి బిగించారు. ఆ పళ్లు రేకులోకి దిగి పట్టుకుంటాయి, బండి ఎంత అదిరినా బోల్టు వదులు కాదు. బిగించాక పైన వ్యాజిలిన్ పూశారు. బిగించాకే పూయాలి. ముందే పూసేస్తే రేకుకీ ఉంగరానికీ మధ్య జిడ్డు పొర చేరుతుంది. మళ్లీ బ్రేకు తొక్కించి మీటరు చూస్తే 0.08. ఆ అంకె చూసి ఆయన ఏమీ అనలేదు. నాకు మాత్రం చప్పట్లు కొట్టాలనిపించింది.

తర్వాత వైర్ల పోల్చుకోలు. టెస్ట్ ల్యాంపు ఆయన సొంతంగా చేసుకున్నది. పాత హోల్డరు, చిన్న బల్బు, రెండు వైర్లు, ఒక చివర మొసలి క్లిప్పు, ఇంకో చివర సూది. మీటరుండగా ఇదెందుకంటే, జాయింటు తుప్పుపట్టి కరెంటు దారి ఇరుకైనా మీటరు నిండుగా 12 వోల్టులు చూపిస్తుంది. బల్బు ఆ ఇరుకు దారిలో నిండుగా వెలగలేక పట్టిస్తుంది. అయితే కంప్యూటరు నడిపే కొత్త కార్లలో దీన్ని వాడరు. అక్కడి సున్నితమైన అవుట్‌పుట్లకి బల్బు బరువు ఎక్కువ కావచ్చని ఎల్‌ఈడీ టెస్టరు వేరే పెట్టుకున్నారు. ఫలానా పనిముట్టు ఫలానా చోట వద్దు అని తెలియడం కూడా పనితనమే.

కొత్త ల్యాంపుతో వచ్చిన కప్లరు కారు కప్లరులోకి ఇమడలేదు. ఇలాంటప్పుడు కారు వైరు కత్తిరించేసి ముడివేసి టేపు చుట్టడం అందరూ చేసేదే. లేదంటే నీలంరంగు ప్లాస్టిక్ క్లిప్పు ఒకటి దొరుకుతుంది, వైరు మీద పెట్టి నొక్కితే లోపలి రేకు పొరను కోసుకుని రాగిని తాకుతుంది. చిటికెలో పని. ఆ రేకు కొన్ని పోగుల్ని కూడా కోసేస్తుంది, కోసిన చోట నీరు దిగుతుంది. ఒకటి రెండు వానాకాలాలు గడిచేసరికి అక్కడ పచ్చటి పొడి తప్ప రాగి మిగలదు. మేస్త్రి గారు కారు వైరును ముట్టుకోలేదు. కారు కప్లరుకి జోడు దొరికే కప్లరు తెప్పించి, దాని నుంచి కొత్త ల్యాంపు వైర్ల దాకా జానెడు వైరింగు ముక్క తయారుచేశారు. రేపు పాత ల్యాంపులు మళ్లీ పెట్టుకోవాలంటే ఆ ముక్క ఊడదీస్తే చాలు.

ఆ జానెడు ముక్కలోనే చాలా పని ఉంది. కప్లరు పిన్నుకి రెండు జతల చెవులుంటాయి. ముందు జత రాగిని పట్టుకోవాలి, వెనక జత పైనున్న రబ్బరు పొరను పట్టుకోవాలి. రెండూ రాగి మీదే నొక్కేస్తే బండి అదురుకి పోగులు పిన్ను మొదట్లో ఒక్కొక్కటే తెగుతాయి. రెండూ పొర మీద పడితే కరెంటే పోదు. ఆయన ప్రతి వైరునూ సరిగ్గా ముందు చెవుల పొడవుకి ఒలిచి, పంచ్ కొట్టి, వేళ్లతో గట్టిగా లాగి చూసి, ఆ తర్వాతే కప్లరులోకి తోశారు. లోపల టిక్కుమని చప్పుడు వచ్చిందా లేదా అని చెవి పెట్టారు. పక్క షెడ్డులో సుత్తి దెబ్బలు పడుతుంటే ఆగి, అవి ఆగాక తోశారు.

ల్యాంపు వైపు జాయింట్లు సోల్డరు. అయిదు వైర్లనీ ఒకే పొడవుకి కత్తిరిస్తే అయిదు జాయింట్లూ ఒకే చోట పడతాయి, కట్ట అక్కడ ఉబ్బుతుంది, ఎప్పుడో ఒకటి ఇంకోదాన్ని తాకుతుంది. అందుకని ఒక్కోదాన్ని వేలెడు వేలెడు తేడాతో మెట్లుగా కోశారు. కోసిన వెంటనే ఒక్కో వైరుకీ స్లీవు ఎక్కించి దూరంగా జరిపారు. ఇది మరిచిపోతే అంటించిన జాయింటు మళ్లీ విప్పాలి. పోగులు విడదీసి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, మెలితిప్పి, సోల్డరు గన్ను మొన కింద పెట్టి పైనుంచి తగరం తీగ ఆనించారు. గన్నుకి కాదు, వైరుకి. వైరు కాగితే తగరం దానంతట అదే పోగుల్లోకి ఇంకుతుంది. గన్ను మీద కరిగించి కారిస్తే పైన ముద్దగా నిలిచిపోతుంది, మెరుస్తుంది, పట్టు ఉండదు. ఇంకిన చోట వైరు పుల్లలాగా బిగుసుకుంటుంది. ఆ బిగువు ఆగిపోయే అంచు దగ్గరే వైరు విరిగే ప్రమాదం. అందుకని లోపల జిగురున్న స్లీవు రెండువైపులా అంచులు దాటేట్టు జరిపి వేడి చేశారు. స్లీవు ముడుచుకుని, చివర్ల నుంచి జిగురు సన్నగా పైకి తేలింది. అలా తేలితేనే నీళ్లు పోవని లెక్క. అయిదూ అయ్యాక కట్ట మొత్తానికి గుడ్డ టేపు చుట్టారు. మామూలు ప్లాస్టిక్ టేపు వాడరు. మన ఎండలకి మూసిన డిక్కీలో దాని జిగురు కారిపోయి, టేపు ఊడి వేలాడుతుంది.

ల్యాంపులు తగిలించి ఇండికేటరు వేస్తే టకటకా, మామూలుకి రెండింతల వేగంతో కొట్టుకుంది. కారు కుర్రాడు కంగారుపడ్డాడు. ఇది లోపం కాదు, బండి మనకిచ్చే హెచ్చరిక. పాత పద్ధతిలో ఒక్కో పక్కకి 21 వాట్ల బల్బులు రెండు, పక్కనున్న చిన్నది 5 వాట్లు, మొత్తం 47. ఫ్లాషరు రిలే ఆ కరెంటును కొలుస్తూ ఉంటుంది. ఒక బల్బు పోతే కరెంటు తగ్గుతుంది, రిలే వేగం పెంచి డ్రైవరుకి తెలియజేస్తుంది. వెనక చూడలేని మనిషికి వెనక సంగతి చెప్పే కబురు అది ఒక్కటే! ఇప్పుడు వెనక ల్యాంపు రెండు మూడు వాట్లే తాగుతుంటే, బల్బు పోయిందనుకుని రిలే తన ధర్మం తాను చేసింది. అలా వదిలేయడానికి లేదు. ఇండికేటరు నిమిషానికి 60 నుంచి 120 సార్ల మధ్యే వెలగాలి.

బజారులో దీనికి ఒక మందు ఉంది. బంగారు రంగు రేకు పెట్టెలో 6 ఓముల, 50 వాట్ల రెసిస్టరు. ఇండికేటరుకి పక్కన కలిపితే బల్బు తాగవలసిన కరెంటు అది తాగి, రిలేని నమ్మిస్తుంది. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 14 వోల్టుల దాకా ఉంటుంది కాబట్టి, వెలిగిన ప్రతిసారీ 30 వాట్లకి పైగా వేడి అందులోంచి పుడుతుంది. చెయ్యి పెడితే కాలుతుంది. దాన్ని తెచ్చి డిక్కీ అట్టకి, ల్యాంపు వెనక ప్లాస్టిక్‌కి టేపుతో అంటించినవాళ్లని చూశాను. ప్లాస్టిక్ కరిగి లోపలికి కుంగిపోతుంది. మేస్త్రి గారికి రెసిస్టరు తప్పనిసరైతే రేకుకి బోల్టుతో బిగిస్తారు. బ్రేకు లైటుకి మాత్రం ఎన్నడూ కలపరు. ట్రాఫిక్కులో నిమిషాల తరబడి బ్రేకు తొక్కి ఉంచుతాం. అంతసేపు అది కాలుతూనే ఉంటుంది.

కానీ ఆయన అసలు అభ్యంతరం వేడి గురించి కాదు. రెసిస్టరు పెట్టాక లోపల ఎల్‌ఈడీ చచ్చిపోయినా రెసిస్టరు మాత్రం కరెంటు తాగుతూనే ఉంటుంది. రిలేకి ఏమీ తెలియదు. ముందు డ్యాష్‌బోర్డు మీద బాణం గుర్తు హాయిగా కొట్టుకుంటుంది, వెనక చీకటి. ఫ్లాషరు రిలే మార్చి, కరెంటుతో నిమిత్తం లేకుండా ఒకే వేగంతో కొట్టే ఎలక్ట్రానిక్ రకం పెట్టినా ఇదే నష్టం. ఈ కారులో రిలే విడిగా ఉంది కాబట్టి ఆయన దాన్నే మార్చారు. మార్చి, కారు కుర్రాడిని పిలిచి ఎదురుగా నిలబెట్టి చెప్పారు: "ఇందాక టకటకా కొట్టుకుంది చూశావా, అది ఇక కొట్టదు బాబూ. నెలకోసారి గోడ దగ్గర రివర్సులో ఆపి, గోడ మీద వెలుగు చూసుకో. మరిచిపోకు." అమ్మకానికి అడ్డొచ్చే ఇలాంటి మాట ఎంతమంది చెబుతారు! ఈ ఎల్‌ఈడీ మార్పు వల్ల బండి ఒక తెలివిని పోగొట్టుకుంటుంది. దాని చోట మనిషి జాగ్రత్తను పెట్టి పంపించారాయన.

రిలే విడిగా లేని కొత్త కార్ల కథ వేరు. అక్కడ లైట్లన్నీ కంప్యూటరు చేతిలో ఉంటాయి. కొన్నిట్లో బల్బు ఉందో లేదో కనుక్కోడానికి అది క్షణానికోసారి సన్నటి కరెంటు పంపుతుంది. ఫిలమెంటుకి అది చాలదు కాబట్టి మనకి తెలియదు, ఎల్‌ఈడీ మాత్రం దానికే మినుకుమంటుంది. అలాంటి బండి వస్తే ఆయన తనకి తెలిసిన రెండు మూడు పద్ధతులు చూసి, కుదరకపోతే పాతవే బిగించి పంపేస్తారు.

బిగించేటప్పుడు చూడవలసింది నీళ్ల సంగతి. ల్యాంపు వెనక రబ్బరు గాస్కెట్ చుట్టూ ఒకే మందంగా నొక్కుకోవాలి. ఈ ల్యాంపులతో వచ్చిన గాస్కెట్ ఒక మూల పలచగా ఉంటే, దాన్ని తీసేసి నల్లటి బ్యూటైల్ టేపు పరిచారు. సిలికాన్ పూసేస్తే సులువు గానీ, రేపు విప్పేటప్పుడు రంగు ఊడివస్తుంది. పైగా ఆ పూతలో ల్యాంపు ఊపిరి రంధ్రం మూసుకుపోతుంది. ప్రతి ల్యాంపుకీ కింద చిన్న రంధ్రం వదులుతారు. వెలిగి వేడెక్కినప్పుడు గాలి బయటికి, చల్లారినప్పుడు లోపలికి. అది మూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి అద్దం మీద ఆవిరి పడుతుంది. రేకులోంచి వైరు దూరే చోట గ్రోమెట్ పెట్టి, దూరేముందు వైరును కాస్త కిందకి వేలాడదీసి మళ్లీ పైకి తీసుకెళ్లారు. వైరు వెంట జారే చుక్క ఆ పల్లం దగ్గర కింద పడిపోతుంది, రంధ్రంలోకి ఎక్కలేదు. ఆ తర్వాత డిక్కీ లోపల టాల్కం పౌడరు చల్లి, బయట పైపుతో నీళ్లు కొట్టించి, తలుపు తీసి పౌడరులో తడి చార కోసం టార్చి వేసి వెతికారు. లేదు.

చివరి పరీక్ష నడి మధ్యాహ్నం రోడ్డు మీద. లైట్లు పరీక్షించడానికి చీకటి వద్దంటారు ఆయన. చీకట్లో అగ్గిపుల్ల కూడా కనపడుతుంది. పార్కింగు వేయించి దూరంగా వెళ్లి నిలబడ్డారు, బ్రేకు తొక్కించారు, వదిలించారు. ఆ రెంటికీ మధ్య ఐదు రెట్లయినా తేడా లేకపోతే అంతర్జాతీయ ప్రమాణం ఒప్పుకోదు. కంటికి ఆ తేడా ఎండలోనే తేలాలి. తర్వాత పక్కకి, 45 డిగ్రీల కోణం దాకా నడిచి చూశారు. బైకులు, ఆటోలు వచ్చేది నేరుగా వెనక నుంచే కాదు కదా. అన్నీ ఒకేసారి వేయించి చూశారు, ఒక్కోటి ఆపుతూ చూశారు. ఒకటి వెలిగితే ఇంకోటి వణకలేదు. చట్టం ప్రకారం రాత్రి వెనక ఎర్ర దీపం 155 మీటర్ల దూరం నుంచి కనపడాలి, నంబరు ప్లేటు 15 మీటర్ల నుంచి చదవగలగాలి. ప్లేటు లైటు ఎన్నాళ్లుగా వెలగడం లేదో గానీ, ఆ బల్బు కూడా ఆయనే వేశారు. దానికి డబ్బు అడగలేదు.

ఇంత చేసి సాధించిందేమిటో లెక్క వేసి చూడవచ్చు. ఫిలమెంటు ఎర్రబడి, తెల్లబడి, నిండుగా వెలగడానికి సెకనులో అయిదో వంతు దాకా పడుతుంది. ఎల్‌ఈడీకి ఆ ఆలస్యం లేదు. వెనక బండి గంటకి 80 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే ఆ కాస్త సమయంలో నాలుగు మీటర్లకి పైగా ముందుకొచ్చేస్తుంది, 100 మీద అయితే అయిదున్నర మీటర్లు. అంటే ఒక కారు పొడవు. సంక్రాంతి ముందు తెల్లవారుజామున జాతీయ రహదారి మీద మంచు దిగినప్పుడు కారు పొడవంటే ఏమిటో ఆ దారిలో వెళ్లినవాళ్లకి చెప్పనక్కర్లేదు. దీపాల్లేని ట్రాక్టరు ట్రక్కులు, రోడ్డు వార ఆపేసిన లారీలు ఎన్ని ఇళ్లలో దుఃఖం నింపాయో మనకి తెలియనిది కాదు. మేస్త్రి గారి కొట్టుకి కోతల ముందు ట్రాక్టర్లు కూడా వస్తాయి. ట్రక్కు వెనక రెండు ఎర్ర లైట్లు, రిఫ్లెక్టరు టేపు. కారుకి కొట్టిన పంచే వాటికీ కొడతారు, కారుకి వేసిన స్లీవే వాటికీ వేస్తారు.

అట్టలు మూసేముందు ఆయన తెల్ల టేపు ముక్కలు కోసి, మార్కరుతో ఒక్కో వైరు మీద బ్రేకు, పార్కింగు, ఎడమ, రివర్సు, ఎర్త్ అని తెలుగులో రాసి చుట్టారు. తర్వాత ఎవరు విప్పినా వెతుక్కోకుండా ఉండాలని. పాత ల్యాంపులు, బల్బులు, పాత రిలే ఒక సంచిలో వేసి కారు కుర్రాడి చేతికిచ్చారు. మూడు నాలుగు వీధుల అవతల ఇదే పనికి ఇందులో సగం తీసుకుంటారని ఆ కుర్రాడు మెల్లగా అన్నాడు. "తీసుకుంటారు బాబూ" అని మేస్త్రి గారు ఒప్పుకున్నారు. ఒప్పుకుని, చెప్పిన మొత్తమే తీసుకున్నారు. నన్నడిగితే అది కూడా తక్కువే.